కళ్ళంలో ధాన్యం దాచుకోరు

మే నెల చివర్లో ఒక సాయంత్రం, ఆరున్నర దాటాక, మా కోనసీమలో గాలివాన పట్టుకుంది. కొబ్బరిచెట్లు ఒకటే ఊగిపోతున్నాయి. ఎక్కడో తీగ తెగినట్టుంది, కరెంటు పోయింది. యూపీఎస్ రెండుసార్లు కీచుమని అరిచి ఆగిపోయింది. దాని బ్యాటరీకి అప్పటికే మూడేళ్ళు నిండాయి. అమ్మ కంప్యూటర్ ముందు కూర్చుని ఉండగానే తెర నల్లబడింది.

కరెంటు తిరిగి వచ్చేసరికి రాత్రి తొమ్మిదయింది. కంప్యూటర్ ఆన్ చేసి, అమ్మ పనిచేస్తున్న ఫోల్డర్ తెరిచాను. ఫోల్డర్ ఉంది, లోపల ఒక్క ఫైలు కూడా లేదు.

"నేను దిద్దినవి ఎక్కడికి పోయాయిరా?" అంది అమ్మ.

"పోయాయమ్మా."

"శనివారం నుంచీ దిద్దినవన్నీనా?"

అన్నీ. మొత్తం 38 పేజీలు, మూడు సాయంత్రాల పని. అమ్మ కోప్పడలేదు. కాసేపు ఊరుకుని, "కళ్ళంలో ధాన్యం వదిలేసి ఇంటికొచ్చి పడుకున్నట్టు చేశావురా" అంది. మా తాతయ్యది వ్యవసాయం. మాసూళ్ళప్పుడు మబ్బు పడితే రాత్రికి రాత్రి బరకాలు పట్టుకుని పొలానికి పరిగెత్తడం ఆవిడ చిన్నప్పటినుంచీ చూసిందే. ఆ ఒక్క మాటతో నాకు ర్యామ్ డిస్క్ అంటే ఏమిటో అంతకుముందు చదివిన అన్నిటికంటే బాగా అర్థమైంది. ఈ వ్యాసం రాయడానికి కారణం కూడా ఆ మాటే.

ముందు మా పని సంగతి చెప్పాలి. తాతయ్య పాత మాసపత్రికలు కొని, ఏడాదికోసారి బైండు చేయించి పెట్టుకునేవారు. అట్టలు చెదలు తినేశాయి, కాగితం ముట్టుకుంటే పొడి రాలుతోంది. వాటిని స్కాన్ చేసి, టెసరాక్ట్ అనే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్‌తో బొమ్మలోంచి అక్షరాలు తీయిస్తున్నాను. అది తెలుగు చదువుతుంది, కానీ పాత అచ్చు దగ్గర తడబడుతుంది. "మ"ని "వు" అంటుంది, "ప"ని "వ" అంటుంది, "థ"కీ "ధ"కీ తేడా పట్టుకోలేదు, అరసున్నలయితే కాగితం మీద మరక అనుకుని వదిలేస్తుంది. ఆ తప్పులన్నీ దిద్దేది అమ్మ. ముప్పై ఏళ్ళు బడిలో తెలుగు చెప్పి రిటైరయింది. పక్కన భూతద్దం, అసలు పుస్తకం పెట్టుకుని ఒక్కో పేజీకీ పదీ పదిహేను నిమిషాలు పట్టి దిద్దుతుంది.

అలా దిద్దిన పేజీలే పోయాయి. అవి ర్యామ్ డిస్క్‌లో ఉన్నాయి. అక్కడ పెట్టింది నేనే.

ర్యామ్ డిస్క్ అంటే, కంప్యూటర్ నడుస్తున్నంతసేపూ పనులకి వాడుకునే తాత్కాలిక మెమరీ అయిన ర్యామ్‌లో కొంత భాగాన్ని విడదీసి, ఇదీ ఒక డ్రైవే అని ఆపరేటింగ్ సిస్టమ్‌కి చూపించడం. విండోస్‌లో అయితే సీ, డీ పక్కన ఇంకో అక్షరంతో కనిపిస్తుంది. లినక్స్‌లో ఒక ఫోల్డర్ లాగా కనిపిస్తుంది. ఫైళ్ళు కాపీ చేయొచ్చు, తెరవొచ్చు, చెరపొచ్చు, మామూలు డ్రైవ్‌కీ దానికీ పైకి ఏ తేడా తెలీదు. లోపల మాత్రం అది డిస్కే కాదు. ర్యామ్‌లో ఒక్కో బిట్టూ అతిచిన్న కెపాసిటర్‌లో ఛార్జ్ రూపంలో ఉంటుంది. ఆ ఛార్జ్ నిలవదు, కారిపోతూ ఉంటుంది. అందుకే ప్రతి 64 మిల్లీసెకన్లలోపు మొత్తం ర్యామ్‌ని ఒకసారి చదివి మళ్ళీ నింపుతూ ఉండాలి. 1968లో ఐబీఎం ఇంజినీరు రాబర్ట్ డెన్నార్డ్ పేటెంట్ పొందిన పద్ధతి ఇది, ఇవాళ మన ఫోన్లలో ఉన్నదీ ఇదే. చిల్లుకుండలో నీళ్ళు పోస్తూనే ఉండటం లాంటి పని. పోసే చెయ్యి ఆగిందంటే, అంటే కరెంటు పోయిందంటే, కుండ ఖాళీ.

ఇంత తెలిసీ ఎందుకు పెట్టానంటే, వేగం కోసం. నేను చెప్పదలుచుకున్న అసలు సంగతి ఇక్కడే ఉంది. ఇంట్లో ర్యామ్ డిస్క్ పెట్టుకునేవాళ్ళలో ఎక్కువమంది వేగం కోసమే పెట్టుకుంటారు. వాళ్ళు ఆశించిన చోట ఆ వేగం దాదాపు రాదు. అది పనికొచ్చే చోట్లు వేరే ఉన్నాయి, తక్కువే కానీ ఉన్నాయి. వాటి గురించి చెప్పేవాళ్ళు తక్కువ, "డిస్క్ కంటే వంద రెట్లు ఫాస్ట్" అని ఊరించేవాళ్ళు ఎక్కువ.

ఆ అంకెలు అబద్ధం కాదు. నిమిషానికి 7,200 సార్లు తిరిగే హార్డ్ డిస్క్ సెకనుకి 120 చుట్లు తిరుగుతుంది. కావలసిన చోటు సూది కిందకి రావడానికి సగటున అరచుట్టు, అంటే 4 మిల్లీసెకన్లు పడుతుంది. చెయ్యి అక్కడికి జరగడానికి పట్టే సమయం కూడా కలిపితే పది మిల్లీసెకన్ల పైమాట. ర్యామ్‌కి పట్టేది వంద నానోసెకన్లు. లక్ష రెట్ల తేడా! తిరిగే భాగాలేవీ లేకుండా చిప్పుల్లో దాచే ఎస్‌ఎస్‌డీకి వంద మైక్రోసెకన్లు అనుకున్నా, ర్యామ్ దానికంటే వెయ్యి రెట్లు ముందుంటుంది. ఈ లెక్క చూసిన ఎవరికైనా ఆశ పుడుతుంది. నాకూ పుట్టింది.

నా కంప్యూటర్ 2019లో కొన్నది. 16 జీబీ ర్యామ్, 500 జీబీ ఎస్‌ఎస్‌డీ, పాత మెషీన్ నుంచి తీసి పెట్టిన ఒక టీబీ హార్డ్ డిస్క్. లినక్స్ వాడతాను. 8 జీబీ ర్యామ్ డిస్క్ పెట్టి, ఒక బైండు మొత్తాన్ని, 212 పేజీల్ని, అందులోకి ఎక్కించి ఓసీఆర్ నడిపాను. అరగంట పట్టింది. తర్వాత అదే పని ఎస్‌ఎస్‌డీ మీద చేశాను. అప్పుడూ అరగంటే పట్టింది. నిమిషం తేడా కూడా రాలేదు. కొలవడంలో ఏదైనా పొరపాటు జరిగిందేమో అని మర్నాడు మళ్ళీ చేశాను, ఫలితం మారలేదు.

ఆలోచిస్తే కారణం కళ్ళముందే ఉంది. ఓసీఆర్ జరుగుతున్నంతసేపూ ప్రాసెసర్ నూటికి నూరుశాతం పనిలో ఉంది. ఒక్కో పేజీ మీద అది బుర్ర బద్దలుకొట్టుకునేది సెకన్ల కొద్దీ. ఆ పేజీని డిస్క్ నుంచి తెచ్చుకోడానికి పట్టేది సెకనులో చిన్న ముక్క. వంట గంట పడుతున్నప్పుడు బియ్యం డబ్బా పొయ్యి పక్కకి జరిపితే భోజనం ముందుగా రాదు.

రెండో కారణం ఇంకా ముఖ్యమైంది. ఇది తెలిస్తే ఇళ్ళల్లో పెట్టుకునే ర్యామ్ డిస్కులు సగం పైగా తీసేయొచ్చని నా నమ్మకం. ఆపరేటింగ్ సిస్టమ్ ఇప్పటికే మీ ఖాళీ ర్యామ్‌ని డిస్క్ కోసం వాడుతోంది. మీరు ఒక ఫైలు తెరిస్తే దాని నకలు ర్యామ్‌లో ఉంచుకుంటుంది. రెండోసారి అడిగితే డిస్క్ దగ్గరికి వెళ్ళదు, ఆ నకలు ఇస్తుంది. లినక్స్‌లో దీన్ని పేజ్ క్యాష్ అంటారు. విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్‌లో మెమరీ చూస్తే "క్యాష్డ్" అని ఒక అంకె ఉంటుంది, అదే ఇది. ఇంట్లోనే చూడొచ్చు: కంప్యూటర్ ఆన్ చేయగానే లిబ్రెఆఫీస్ లాంటి పెద్ద ప్రోగ్రామ్ ఒకటి తెరిచి, మూసి, వెంటనే మళ్ళీ తెరవండి. రెండోసారి తేడా తెలుస్తుంది, హార్డ్ డిస్క్ ఉన్న మెషీన్లో అయితే మరీ బాగా తెలుస్తుంది. అది ర్యామ్ నుంచి వచ్చిన వేగమే. దానికోసం మీరేమీ పెట్టుకోలేదు.

చదవడమే కాదు, రాయడం కూడా అంతే. లినక్స్‌లో మామూలు సెట్టింగుల్లో ఒక ప్రోగ్రామ్ ఫైలు రాస్తే అది ముందు ర్యామ్‌లోనే పడుతుంది. దాదాపు అరనిమిషం పాతబడ్డాక తీరిగ్గా డిస్క్ మీదకి వెళ్తుంది. ఈలోపే ఆ ఫైలుని చెరిపేస్తే చాలాసార్లు అది డిస్క్‌ని తాకనే తాకదు.

క్యాష్‌కీ ర్యామ్ డిస్క్‌కీ మధ్య ఉన్న తేడా చూడండి. వేరే ప్రోగ్రామ్‌కి ర్యామ్ అవసరమైతే క్యాష్ వెంటనే చోటిచ్చి తప్పుకుంటుంది, ఎందుకంటే అసలు ఫైలు డిస్క్‌లో ఎలాగూ ఉంది. ర్యామ్ డిస్క్ తప్పుకోలేదు. అందులో ఉన్నదానికి వేరే నకలు లేదు కదా. మీరు 16లో 8 జీబీ దానికిచ్చి నింపేశారంటే, మిగతా కంప్యూటర్ అంతా 8 జీబీలో సర్దుకోవాలి. సర్దుకోలేకపోతే లినక్స్ ఆ ర్యామ్ డిస్క్‌లోని పేజీలనే తీసి స్వాప్‌లో, అంటే డిస్క్ మీద, పడేస్తుంది. డిస్క్‌ని తప్పించుకోడానికి పెట్టుకున్నది చివరికి డిస్క్ మీదే తేలుతుంది.

ఈ వాదం కొత్తది కాదు. తొంభైల చివర్లో నేను రాజమండ్రిలో ఒక డీటీపీ సెంటర్‌లో పనిచేశాను. శుభలేఖలు, కరపత్రాలు, దినకర్మ కార్డులు. డాస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ రోజుల్లో కాన్ఫిగ్ డాట్ సిస్ అనే ఫైల్లో ఒక వరుస రాస్తే ర్యామ్‌డ్రైవ్ అనే చిన్న డ్రైవర్ ర్యామ్‌లో ఒక డ్రైవ్ తయారుచేసేది. పక్కనే స్మార్ట్‌డ్రైవ్ అని ఇంకోటుండేది, అది డిస్క్‌కి క్యాష్. ఉన్న ఎనిమిది ఎంబీలో ఏది దేనికివ్వాలని పెద్దవాళ్ళు వాదించుకునేవారు. క్యాష్‌కిస్తే అన్ని పనులకీ కొంచెం కొంచెం లాభం, ర్యామ్‌డ్రైవ్‌కిస్తే ఒక్క పనికే లాభం. ఇవాళ 16 జీబీ దగ్గర జరుగుతున్న వాదమూ అదే, కాకపోతే అంకె రెండు వేల రెట్లు పెరిగింది.

ర్యామ్ డిస్క్ నిజంగా పనికొచ్చిన చోటు కూడా నేను చూసింది అక్కడే. విండోస్ 98 పాడయితే బూట్ ఫ్లాపీ పెట్టి లేపేవాళ్ళం. 1.44 ఎంబీ ఫ్లాపీలో మరమ్మతు ప్రోగ్రాములన్నీ పట్టవు కాబట్టి వాటిని కుదించి ఒక క్యాబ్ ఫైల్లో పెట్టారు. ఫ్లాపీ బూట్ కాగానే 2 ఎంబీ ర్యామ్ డ్రైవ్ తయారుచేసి, ఆ క్యాబ్‌ని అందులో విప్పేది. హార్డ్ డిస్క్‌ని ముట్టుకోకుండా, ఫ్లాపీలో చోటు లేకపోయినా, పని జరిగిపోయేది. ఆ ర్యామ్ డ్రైవ్ ఒక అక్షరం తీసేసుకోవడం వల్ల సీడీ డ్రైవ్ ఒకటి వెనక్కి జరిగి, డీ అనుకున్నది ఈ అయ్యేది. కొత్తగా చేరిన ప్రతివాడూ "సీడీ కనపడట్లేదు సార్" అనేవాడు. అక్కడ ర్యామ్ డ్రైవ్‌ని ఎవరూ వేగం కోసం పెట్టలేదు. కాసేపు సామాను పరుచుకోడానికి ఒక చోటు కావాలి, పని అయ్యాక అది ఆనవాలు లేకుండా పోవాలి, అందుకు పెట్టారు.

కళ్ళం చేసేదీ అదే. కోత అయ్యాక కుప్ప నూర్చడానికీ, తూర్పారబట్టడానికీ, ఆరబోయడానికీ విశాలమైన చోటు కావాలి. అది ఇంట్లో కుదరదు, గాదెలో అసలు కుదరదు. ఆ నాలుగు రోజులూ కళ్ళమే దిక్కు. పని అయిన పూటే ధాన్యం బస్తాలకెత్తుతారు. ఊక, తప్పలు అక్కడే వదిలేస్తారు.

మా స్కానింగ్ పనిలో ఊక ఎంత, గింజ ఎంత అని ఆ రాత్రి లెక్క వేశాను. ఏ4 కాగితాన్ని 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున, రంగుల్లో స్కాన్ చేస్తే అడ్డం 2,480, నిలువు 3,508 చుక్కలు వస్తాయి. ఒక్కో చుక్కకి మూడు బైట్లు. కుదించకుండా ఉంచితే ఒక్క పేజీ 26 ఎంబీ. 212 పేజీలకి అయిదున్నర జీబీ. దాన్ని నిటారుగా తిప్పిన నకలు ఒకటి, అంచులు కోసిన నకలు ఒకటి, నలుపు తెలుపు చేసిన నకలు ఒకటి, ఇలా దశకో నకలు పుడుతుంది. ఇదంతా ఊక. చివర్లో బొమ్మల పీడీఎఫ్ ఒకటి మిగిలితే చాలు.

ఇక గింజ. పేజీకి సుమారు 1,800 అక్షర సంకేతాలు అనుకుంటే, కంప్యూటర్లు అక్షరాలు దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు. "అమ్మ" అని రాస్తే అ, మ, పొల్లు, మళ్ళీ మ, నాలుగు సంకేతాలు, పన్నెండు బైట్లు. ఆ లెక్కన పేజీ మొత్తం అయిదున్నర కేబీ. అమ్మ దిద్దిన 38 పేజీలూ కలిపి రెండు వందల కేబీ చిల్లర. దాన్ని డిస్క్ మీద రాయడానికి నా ఎస్‌ఎస్‌డీకి రెప్పపాటు కూడా అక్కర్లేదు.

అంటే, మొత్తం పనిలో అన్నిటికంటే విలువైన ముక్క అన్నిటికంటే చిన్నది. దానికి వేగం అవసరమే లేదు. మనిషి పేజీకి పదిహేను నిమిషాలు తీసుకుని దిద్దుతుంటే, సేవ్ చేయడానికి ఒక మిల్లీసెకను పట్టినా పది పట్టినా ఒకటే. అయినా దాన్ని నేను ర్యామ్ డిస్క్‌లోనే ఉంచాను, ఎందుకంటే నా స్క్రిప్టు బొమ్మలున్న ఫోల్డర్‌లోనే అక్షరాల ఫైళ్ళు కూడా పుట్టిస్తుంది. అమ్మకి ఆ ఫోల్డర్‌కే షార్ట్‌కట్ ఇచ్చాను. కంప్యూటర్ ఆపేటప్పుడు అంతా ఎస్‌ఎస్‌డీకి కాపీ అయ్యేలా ఇంకో స్క్రిప్టు పెట్టుకుని, ఇక భయం లేదనుకున్నాను. గాలివాన వచ్చిన ముందురోజు రాత్రి వరకూ అది బాగానే పనిచేసింది కూడా. కానీ ప్రతి ఉదయం అది ఎస్‌ఎస్‌డీ నుంచి వెనక్కి తెచ్చేటప్పుడు కాపీ చేయకుండా జరిపేది, అంటే అక్కడ చెరిపి ఇక్కడ పెట్టేది. దాంతో శనివారం నాటివీ, ఆదివారం నాటివీ, ఆ రోజువీ, అన్నీ ఒకేచోట, ర్యామ్‌లోనే ఉండిపోయాయి.

అందుకే ర్యామ్ డిస్క్ సాఫ్ట్‌వేర్లలో నాకు అన్నిటికంటే అపాయంగా కనిపించేది, "షట్‌డౌన్ చేసేటప్పుడు ఇమేజ్ సేవ్ చేయి" అనే ఆప్షన్. విండోస్ కోసం దొరికే చాలావాటిలో ఇది ఉంటుంది, దీన్ని గొప్ప సౌకర్యం అని చెప్పుకుంటారు. సరిగ్గా షట్‌డౌన్ జరిగితేనే ఆ సేవ్ జరుగుతుంది. కరెంటు పోయినప్పుడు, బ్లూ స్క్రీన్ వచ్చినప్పుడు, మెషీన్ బిగుసుకుపోయి పవర్ బటన్ నొక్కిపట్టినప్పుడు జరగదు. మనకి కాపాడుకోవలసిన అవసరం వచ్చేది ఆ మూడు సందర్భాల్లోనే. ఈ ఆప్షన్ మనిషికి ధీమా ఇస్తుంది. ధీమా ఉన్నవాడు ముఖ్యమైనవి అక్కడ పెడతాడు. నా షట్‌డౌన్ స్క్రిప్టు చేసిందీ అదే పని, అది లేకపోతే నేను అమ్మ ఫైళ్ళని అక్కడ ఉంచేవాణ్ణి కానని ఖచ్చితంగా చెప్పగలను. ర్యామ్ డిస్క్ రోజూ ఖాళీ అవ్వాలి. రోజూ ఖాళీ అయ్యేదాంట్లో ఎవరూ విలువైనది దాచరు.

వేగం తర్వాత జనం చెప్పే ఇంకో కారణం ఎస్‌ఎస్‌డీ ఆయుష్షు. రాసిన కొద్దీ అరుగుతుంది కాబట్టి, తాత్కాలిక ఫైళ్ళని ర్యామ్‌కి మళ్ళిస్తే ఎక్కువ కాలం మన్నుతుందని. అరగడం నిజమే. 500 జీబీ ఎస్‌ఎస్‌డీలకి కంపెనీలు ఇచ్చే హామీ 300 టీబీ రాతల దాకా ఉంటుంది. రోజుకి 20 జీబీ రాశారనుకుందాం, ఇంటి కంప్యూటర్‌కి అది చాలా ఎక్కువ. 15,000 రోజులు వస్తుంది, అంటే 41 ఏళ్ళు. ఈలోపు మదర్‌బోర్డు ఉండదు, ఆ కేబులు పెట్టే సాకెట్టూ ఉండదు. దీనికోసం ఎవరూ టెన్షన్ పడక్కర్లేదు.

బ్రౌజర్ క్యాష్‌ని ర్యామ్ డిస్క్‌కి మార్చమనే సలహా కూడా వినిపిస్తుంటుంది. బ్రౌజర్ డిస్క్ మీద క్యాష్ ఉంచుకునేదే రేపు కూడా పనికొస్తుందని. దాన్ని ర్యామ్‌లో పెడితే ప్రతి ఉదయం అన్ని బొమ్మలూ మళ్ళీ నెట్ నుంచి దించుకోవాలి. గేములదీ అంతే. ర్యామ్ డిస్క్‌లో ఆడాలంటే ముందు డిస్క్ నుంచి అందులోకి కాపీ చేయాలి, మిగిల్చే సమయం కంటే ఆ కాపీకే ఎక్కువ పడుతుంది.

మరి ఎక్కడ పెట్టుకోవాలి? నేను నా చేత్తో చూసినవే చెబుతాను.

మా మేనల్లుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇంటినుంచి పనిచేసేటప్పుడు వాడి ప్రోగ్రామ్‌కి వందల కొద్దీ టెస్టులు నడపాలి. ప్రతి టెస్టూ ఒక చిన్న డేటాబేస్ పుట్టించి, నాలుగు వరుసలు రాసి, సరిచూసి, చెరిపేస్తుంది. "మావయ్యా, ఎస్‌ఎస్‌డీ ఉన్నా పాకుతోంది" అన్నాడు. ఇక్కడ పేజ్ క్యాష్ ఆదుకోదు, ఎందుకంటే డేటాబేస్ రాసి ఊరుకోదు. ప్రతి ట్రాన్సాక్షన్ చివరా "నిజంగా డిస్క్ మీద పడిందా? పడ్డాకే చెప్పు" అని నిలదీస్తుంది. దాన్ని ఎఫ్‌సింక్ అంటారు. సెకనుకి 120 చుట్లు తిరిగే హార్డ్ డిస్క్ మీద అలా అడుగుతూ పోతే సెకనుకి కొన్ని పదుల ట్రాన్సాక్షన్లే అవుతాయి. ఎస్‌ఎస్‌డీ మీద నయం, అయినా ప్రతిసారీ ఆగాల్సిందే. ర్యామ్ డిస్క్ మీద ఎఫ్‌సింక్‌కి చేయాల్సిన పనేమీ ఉండదు, వెంటనే "అయింది" అని జవాబొస్తుంది. టెస్టు డేటాబేస్ ఎలాగూ మరుక్షణం చెరిపేసేదే, అది పోతుందనే భయం లేదు. వాడి టెస్టులు ఒక టీ తాగేంతసేపు పట్టేవి, ఇప్పుడు టీ కలుపుకునేలోపు అయిపోతున్నాయి. ఇలాంటి పని ఉన్నవాళ్ళు ర్యామ్ డిస్క్ పెట్టుకోకపోవడం తప్పు అని కూడా అంటాను.

రెండోది రహస్యాలు. పాస్‌వర్డ్ పెట్టిన బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆధార్ నకళ్ళు, వీలునామా. వీటిని కాసేపు విప్పి చూడాలి, ప్రింటు తీయాలి, తర్వాత జాడ లేకుండా పోవాలి. ఎస్‌ఎస్‌డీ మీద చెరిపినా పూర్తిగా చెరిగినట్టు కాదు. అరుగుదల సమానంగా పంచడానికి అది లోపల చోట్లు మారుస్తూ ఉంటుంది కాబట్టి, అదే ఫైలు మీద మళ్ళీ రాసినా పాత గడిలోనే పడుతుందని నమ్మకం లేదు. ర్యామ్ డిస్క్‌లో విప్పితే డిస్క్ మీద అచ్చు పడదు. రెండు జాగ్రత్తలు మాత్రం తీసుకోవాలి. కంప్యూటర్‌ని హైబర్నేట్ చేస్తే ర్యామ్ మొత్తం డిస్క్ మీదకి రాసి పడుకుంటుంది, మీ రహస్యంతో సహా. అలాగే లినక్స్‌లో స్వాప్‌కి పోయే అవకాశం ఉందని ముందే చెప్పాను. లినక్స్ గుండెకాయ లాంటి కర్నెల్‌లో 6.4 వెర్షన్ నుంచి "నోస్వాప్" అనే ఆప్షన్ ఇచ్చారు, అది పెట్టుకుంటే ఆ బాధ తప్పుతుంది.

మూడోది మా పని లాంటిది: వేలకొద్దీ మధ్యంతర ఫైళ్ళు పుట్టి చచ్చే పని. ఓసీఆర్ దగ్గర వేగం రాలేదని చెప్పాను కదా. పేజీల్ని విడగొట్టి, తిప్పి, కోసే దశల్లో హార్డ్ డిస్క్‌తో పోలిస్తే తేడా బాగానే కనిపించింది, ఎస్‌ఎస్‌డీతో పోలిస్తే స్వల్పం. ఇక్కడ నాకు ఎక్కువ నచ్చింది శుభ్రత. రాత్రి ఆపేస్తే ఊకంతా దానంతటదే పోతుంది. "తిప్పినవి-కొత్త-2" లాంటి పేర్లతో ఫోల్డర్లు నెలల తరబడి పేరుకుపోవు.

పెట్టుకోవడం తేలికే. లినక్స్‌లో ర్యామ్ డిస్క్ తయారుచేసే టీఎంపీఎఫ్‌ఎస్ అనేది కర్నెల్‌లోనే ఉంది, కొత్తగా ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. రుచి చూడాలంటే అది కూడా అక్కర్లేదు, డెవ్ ఫోల్డర్‌లో ఎస్‌హెచ్‌ఎం అని ఒకటి ముందే ఉంటుంది, అది ర్యామ్ డిస్కే. సొంతంగా కావాలంటే మౌంట్ కమాండ్‌కి రకం టీఎంపీఎఫ్‌ఎస్ అనీ, సైజు ఇంత అనీ, ఫలానా ఖాళీ ఫోల్డర్ మీద అనీ చెబితే క్షణంలో తయారు. ప్రతిసారీ రావాలంటే అదే వరుస ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్లో రాయాలి. మోడ్ 0700 పెడితే మెషీన్‌లోని వేరే యూజర్లు తొంగిచూడలేరు. సైజు చెప్పడం మరిచిపోవద్దు, చెప్పకపోతే మొత్తం ర్యామ్‌లో సగం దాకా పెరగనిస్తుంది. మీరు చెప్పే సైజు గరిష్ఠ పరిమితి మాత్రమే, ముందే పట్టి ఉంచదు, ఫైళ్ళు వేసినంతే తీసుకుంటుంది. అలాగని ఉన్న ర్యామ్ అంతా రాసేయకండి. అది నిండిపోతే మెషీన్ బిగుసుకుపోతుంది. మామూలుగా ర్యామ్ చాలనప్పుడు కర్నెల్ ఏదో ఒక ప్రోగ్రామ్‌ని ఆపేసి చోటు చేసుకుంటుంది, టీఎంపీఎఫ్‌ఎస్‌లోని ఫైళ్ళని మాత్రం అలా తీసేయలేదు. ర్యామ్‌ఎఫ్‌ఎస్ అని ఒక పాత తమ్ముడున్నాడు, దానికి సైజు పరిమితే లేదు. ఇంట్లో వాడొద్దు.

మ్యాక్‌లో హెచ్‌డీఐయుటిల్ అనే కమాండ్‌తో చేయాలి. దానికి సైజు జీబీల్లో కాకుండా 512 బైట్ల ముక్కల్లో చెప్పాలి. ఒక జీబీకి 20,97,152 ముక్కలు, నాలుగు కావాలంటే దాన్ని నాలుగుతో హెచ్చవేయండి. విండోస్‌లో మెనూల్లో ఎక్కడా ఈ సౌకర్యం లేదు. ఇమ్‌డిస్క్ లాంటి బయటి డ్రైవర్ వేసుకోవాలి. డ్రైవర్ అంటే సిస్టమ్ లోపలికి తాళం చెవి ఇచ్చినట్టే, కాబట్టి తయారుచేసినవాళ్ళ సొంత చోటునుంచే దించుకోండి. ఇంకోమాట: విండోస్ టెంప్ ఫోల్డర్‌ని అందులోకి మార్చమని చాలామంది చెబుతారు. మార్చకండి. కొన్ని ఇన్‌స్టాలర్లు మధ్యలో రీస్టార్ట్ అడిగి, తిరిగొచ్చాక తమ సగం పనిని టెంప్‌లో వెతుక్కుంటాయి. అక్కడ ఏమీ ఉండదు.

లినక్స్‌కి మూలమైన యూనిక్స్ పెద్దలు ఈ సంగతి ఎప్పుడో గ్రహించారు. అందులో తాత్కాలిక ఫోల్డర్లు రెండు ఉంటాయి. ఒకటి టీఎంపీ, రీస్టార్ట్ అయితే ఉంటుందని ఎవరూ నమ్మకూడదు. రెండోది వర్ అనే ఫోల్డర్ కింద ఉండే టీఎంపీ, అందులో పెట్టినవి రీస్టార్ట్ తర్వాత కూడా ఉండాలి. లినక్స్ రకాల్లో ఒకటైన ఫెడోరా 2013లో, 18వ వెర్షన్‌తో, మొదటిదాన్ని ర్యామ్‌లోకి మార్చింది. ఇంకో రకమైన డెబియన్ మరి చాలా ఏళ్ళు ఆగి 2025లో, 13వ వెర్షన్‌తో, అదే దారి పట్టింది. ఇద్దరూ రెండోదాన్ని మాత్రం డిస్క్ మీదే వదిలేశారు. కళ్ళం ఒకచోట, గాదె ఒకచోట.

ర్యామ్ కొని మరీ దీన్ని పెట్టుకోవాలా అని అడిగితే, ఈ రోజుల్లో వద్దంటాను. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పులన్నీ ఎగరేసుకుపోతుండటంతో 2025 చివర్లో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. ఇళ్ళకి ర్యామ్ అమ్మే తన క్రూషియల్ బ్రాండు వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు ఆ డిసెంబరులోనే మెమరీ చిప్పుల కంపెనీ మైక్రాన్ ప్రకటించింది. మీది ఇంకా హార్డ్ డిస్క్ మీద నడిచే పాత మెషీన్ అయితే, ర్యామ్ డిస్క్ ఊసెత్తకుండా ఆ డబ్బుతో చిన్న ఎస్‌ఎస్‌డీ వేయించండి. 4 జీబీ, 8 జీబీ ర్యామ్ ఉన్నవాళ్ళు ఉన్నదాన్ని క్యాష్‌కి వదిలేయడమే మేలు. 16 ఉండి, పైన చెప్పిన మూడు పనుల్లో ఏదో ఒకటి ఉంటే రెండు నుంచి ఆరు జీబీల దాకా పెట్టుకోండి.

నేను పెట్టుకున్నది ఇప్పుడు 6 జీబీ. స్కాన్ బొమ్మలు, వాటి నకళ్ళు అందులో పుట్టి అందులోనే పోతాయి. ఓసీఆర్ అక్షరాలు తీసిన మరుక్షణం ఆ ఫైలు నేరుగా ఎస్‌ఎస్‌డీ మీద పడుతుంది. అమ్మకిచ్చిన షార్ట్‌కట్ అక్కడికే. షట్‌డౌన్ స్క్రిప్టు తీసేశాను. యూపీఎస్‌కి కొత్త బ్యాటరీ వేయించాను. ప్రతి సాయంత్రం లేచేముందు అమ్మ తన చేత్తో ఒక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని దాన్ని కళ్ళజోడు పెట్టెలో పెట్టుకుంటుంది. అది నేను చెప్పింది కాదు, ఆవిడే మొదలుపెట్టింది.

పోయిన 38 పేజీలూ ఆవిడ మళ్ళీ దిద్దింది. రెండోసారి దిద్దుతున్నప్పుడు, మొదటిసారి తనకి కనపడని అరసున్నలు నాలుగు దొరికాయని చూపించింది.